బీఈడీ రెండో సంవత్సరంలో మానేయాలనుకుంటున్నాను: ర్యాటిఫికేషన్ ఫైలు కదలడం లేదు

వాల్తేరు_గణితం (ప్రశ్న)

నమస్కారం. నేను విశాఖపట్నం గోపాలపట్నంలో ఉంటూ, పక్క జిల్లాలోని ఒక ప్రైవేటు కళాశాలలో గణితం మెథడాలజీతో బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కళాశాల పేరు, అది అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు కావలసింది సలహా కనుక వాటి అవసరమూ లేదు. ఇందులో చేరక ముందు గాజువాకలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. బీఈడీ లేదన్న కారణంతో జీతం పెంచేవారు కాదు, పదో తరగతి అప్పగించేవారు కాదు. అందుకే ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి, కన్వీనర్ కోటాలో సీటు వచ్చాక ఆ ఉద్యోగం వదిలేశాను.

మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం. వాల్తేరు డివిజన్‌లో పనిచేస్తూ చాలాకాలం రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నారు కాబట్టి నా బీఎస్సీ ఒడిశాలో, అక్కడి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం పరిధిలో పూర్తయింది. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లన్నీ చూసి సీటు ఇచ్చారు. తీరా కళాశాల నా పేరును ర్యాటిఫికేషన్ (నా ప్రవేశాన్ని విశ్వవిద్యాలయం ఆమోదించడం) కోసం విశ్వవిద్యాలయానికి పంపాక అభ్యంతరాలు మొదలయ్యాయి. ఇతర రాష్ట్రంలో డిగ్రీ చేసినందుకు ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కావాలన్నారు. దానికి రుసుము కట్టాక మైగ్రేషన్ (వేరే విశ్వవిద్యాలయంలో చేరడానికి పాత విశ్వవిద్యాలయం ఇచ్చే సర్టిఫికెట్) ఒరిజినల్ అడిగారు. తరువాత, ఇంటర్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీ మెమోలో చివర ఉంది కాబట్టి ఇద్దరూ ఒకరేనని రుజువు చూపమన్నారు. ఇప్పుడు మైగ్రేషన్ ఒరిజినల్ తమకు అందలేదని విశ్వవిద్యాలయం అంటోంది, పంపేశామని కళాశాల అంటోంది. మొదటి సెమిస్టర్ ఫలితం విత్‌హెల్డ్‌లో ఉంది. రెండో సెమిస్టర్ పరీక్షలు హామీపత్రం రాయించుకుని రాయనిచ్చారు. మూడో సెమిస్టర్‌కు మాత్రం ర్యాటిఫికేషన్ కాకుండా హాల్‌టికెట్ ఇచ్చేది లేదని కళాశాలలో నోటిమాటగా చెప్పారు.

ఇంటర్న్‌షిప్ కోసం ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళుతున్నాను. అక్కడ విసుగు లేదు. లెసన్ ప్లాన్లు, రికార్డులు రాయడం కష్టమనిపించినా పిల్లల ముందు నిలబడితే ఆ సంగతి గుర్తుండదు. కానీ నా ప్రవేశమే చెల్లుతుందో లేదో తెలియకుండా ఈ ఏడాది కూడా ఖర్చు పెట్టడం అవివేకమేమో అనిపిస్తోంది. మానేసి ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటూ బ్యాంకు పరీక్షలకు చదువుదామన్నది నా ఆలోచన. మానేస్తే నా సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి నన్ను కట్టమంటారా, తరువాత ఎప్పుడైనా మిగిలిన చదువు పూర్తి చేసుకునే వీలుంటుందా అన్నవి తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

విశ్రాంత_సెక్షన్

అమ్మా, నేను ఒక విశ్వవిద్యాలయం అకడమిక్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ విశ్వవిద్యాలయం కాదు. అయినా ర్యాటిఫికేషన్ ఫైలు నడిచే తీరు చాలాచోట్ల ఒకేలా ఉంటుంది కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను.

కళాశాల తన విద్యార్థుల జాబితాను, సర్టిఫికెట్లను, రుసుము కట్టిన చలానాను కలిపి ఒక కట్టగా పంపుతుంది. టపాలు చూసేవారు దానికి ఇన్‌వర్డ్ నంబరు వేసి సెక్షన్‌కు ఇస్తారు. అసిస్టెంటు ఒక్కొక్క పేరూ చూసి, అభ్యంతరం ఉంటే నోట్ రాసి సూపరింటెండెంటుకు పెడతాడు. ఆపై అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్. అభ్యంతరాన్ని కళాశాలకు ఉత్తరంగా పంపిన మరుక్షణం ఆ ఫైలు సెక్షన్ లెక్కలో 'జవాబు రావలసి ఉంది' అన్న వరుసలోకి వెళుతుంది. ఆ జవాబు ఎప్పటికీ రాకపోయినా అడిగేవారు ఉండరు. బయట నుంచి చూసేవారికి ఎవరో కావాలని తొక్కిపట్టారని అనిపిస్తుంది. నా అనుభవంలో అలాంటివి కొన్ని. ఎవరి బల్ల మీదా లేకుండా ఆగిపోయినవే ఎక్కువ. ఇంకొక కారణం కూడా ఉంది, దాన్ని విద్యార్థికి ఎవరూ చెప్పరు. కళాశాల అనుబంధ రుసుము బాకీ పడితే మొత్తం జాబితాను పక్కన పెట్టేస్తారు, అప్పుడు ప్రతి విద్యార్థికీ ఏదో ఒక కాగితం లోపం చెప్పి పంపుతుంటారు. మీ తోటి విద్యార్థుల ఫలితాలు వచ్చాయో లేదో ముందు కనుక్కోండి. వాళ్ళవి వచ్చి మీది మాత్రమే ఆగితే లోపం మీ కాగితంలోనే ఉందనుకోవచ్చు.

కాబట్టి మొదట తేల్చవలసినది ఇన్‌వర్డ్ నంబరు. మీ మైగ్రేషన్‌ను ఏ తేదీన, ఏ ఉత్తరంతో పంపారో కళాశాల డిస్పాచ్ రిజిస్టరులో ఉండాలి. ఆ ఉత్తరం అందినట్టు విశ్వవిద్యాలయం ఇన్‌వర్డ్‌లో ఉండాలి. మొదటిది లేకపోతే తప్పు కళాశాలది, రెండోది లేకపోతే దారిలో పోయింది, రెండూ ఉంటే సెక్షన్‌లో ఉంది. ఈ ఒక్క సంగతి తెలియకుండా ఎన్నిసార్లు వెళ్ళినా మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు.

ఆ తరువాత నోటితో అడగడం పూర్తిగా మానేయండి. రిజిస్ట్రార్ పేరున ఒక పేజీ వినతిపత్రం రాసి, ప్రతులు పరీక్షల కంట్రోలర్‌కు, మీ ప్రిన్సిపాల్‌కు పంపండి. స్వయంగా ఇస్తే మీ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. లేదా స్పీడ్ పోస్టులో పంపండి. (రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి పాత అలవాటు ప్రకారం దాని కోసం వెతకకండి.) హాల్‌టికెట్ ఇవ్వబోమన్న మాటను కూడా రాతపూర్వకంగా ఇమ్మని అందులోనే కోరండి. నోటిమాట మీద అప్పీలు చేయలేరు.

పదిహేను ఇరవై రోజులలో జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. 'నా ఫలితం ఎందుకు ఆపారు' అని అడిగితే అది సమాచారం కాదని తోసిపుచ్చుతారు. నా పేరుకు సంబంధించిన నోట్ ఫైలు పేజీల నకళ్ళు కావాలి, ఫలానా ఉత్తరం అందిన తేదీ కావాలి, ఆ ఫైలు ఏ అధికారి వద్ద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో కావాలి అని అడగండి. ఫైలును స్వయంగా పరిశీలించే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూశాను, తేదీలు అడిగిన దరఖాస్తు వచ్చిన వారంలోనే పెండింగు ఫైళ్ళు కొన్ని వాటంతటవే కదిలేవి.

దీనితోపాటు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి పడకపోతే మరో 15 రోజులలో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఫలితాల జాప్యం, ఫీజు కట్టించుకోవడం కోసం సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకపోవడం, రెండూ ఆ నిబంధనల్లో ఫిర్యాదు నిర్వచనంలోనే ఉన్నాయి. సోమవారాలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళమని మీకు కొందరు చెబుతారు. విశ్వవిద్యాలయం కలెక్టరు పరిధిలోనిది కాదు. అక్కడ ఇచ్చిన అర్జీ చివరికి అదే రిజిస్ట్రారుకు చేరుతుంది.

పేరు సంగతి చిన్నది. ఇంటిపేరు ముందూ వెనుకా అయినది పేరు మార్పు కాదు కాబట్టి గెజిట్ ప్రకటన అక్కర్లేదు. రెండు రూపాల్లోని పేరూ ఒకే వ్యక్తిదని నోటరీ అఫిడవిట్ ఇచ్చి, దానికి పదో తరగతి మెమో జతచేస్తే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇక మానేయడం గురించి. అలా వదిలేసినా ఈ కార్యాలయం మిమ్మల్ని వదలదు. కళాశాల నుంచి టీసీ కావాలి, రేపు ఇంకెక్కడైనా చేరాలంటే ఈ విశ్వవిద్యాలయం నుంచి మైగ్రేషన్ కావాలి. ర్యాటిఫికేషన్ కాని విద్యార్థి పేరు వారి రికార్డుల్లో లేనట్టే లెక్క. లేని విద్యార్థికి మైగ్రేషన్ ఎలా ఇస్తాం అంటారు. పోనీ పాత ఒడిశా మైగ్రేషన్ చూపిద్దామంటే అది కళాశాలకు, విశ్వవిద్యాలయానికి మధ్య ఎక్కడో పోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కాబట్టి చదువు కొనసాగించినా, ఆపేసినా, ఒడిశా నుంచి నకలు మైగ్రేషన్ తెప్పించుకోవడం తప్పదు. ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టండి.

భీమిలి_స్కూల్_అసిస్టెంట్

పెద్దాయన కార్యాలయం వైపు నుంచి చెప్పారు. నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఈ డిగ్రీ వదిలేస్తే ఏం పోతుందో ఆ వైపు నుంచి చెబుతాను.

ముందుగా కాలపరిమితి. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ళ కోర్సు అయింది. చేరిన తేదీ నుంచి గరిష్ఠంగా మూడేళ్ళలో పూర్తి చేయాలి. అంటే మీకు అదనంగా ఉన్నది ఒక్క సంవత్సరమే. ఇప్పుడు మానేసి, నాలుగేళ్ళ తరువాత మిగిలిన రెండు సెమిస్టర్లు చదువుతానంటే కుదరదు. మళ్ళీ ఎడ్‌సెట్ రాసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. దానికి గరిష్ఠ వయసు నిబంధన లేకపోవడం ఒక్కటే ఊరట. ఫైలు కోసం పోరాడుతున్నప్పుడు హాజరు మాత్రం పోగొట్టుకోకండి. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. రెండేళ్ళలో కలిపి 20 వారాల పాఠశాల అనుభవంలో రెండో సంవత్సరానిదే 16 వారాలు. విశ్వవిద్యాలయానికి తిరుగుతూ ఇంటర్న్‌షిప్ రోజులు పోతే, రేపు ఫైలు క్లియర్ అయ్యాక హాజరు తక్కువైందన్న కొత్త అభ్యంతరం వస్తుంది. మీ బదులు నాన్నగారిని పంపండి, చేతికి ఒక అధికారపత్రం రాసివ్వండి.

దూరవిద్యలో చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. విశాఖలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది కాని, ఇగ్నో బీఈడీకి ఇదివరకే డీఈఎల్ఈడీ (ప్రాథమిక విద్య డిప్లొమా) వంటి ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉండాలి. ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెప్పిన అనుభవం ఒక్కటే సరిపోదు.

అవకాశాల సంగతికి వస్తే, 2025 ఏప్రిల్‌లో వచ్చిన మెగా డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక ప్రకటన)లో 16,347 పోస్టులు ప్రకటించారు. అలాంటిది మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం, ప్రతి ఏటా వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వచ్చిన రోజున స్కూల్ అసిస్టెంట్ (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయ) పోస్టుకు బీఈడీ లేనివారి దరఖాస్తే తీసుకోరు. ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ) పోస్టుకు వెళ్ళవచ్చు కదా అంటే దానికి డీఈఎల్ఈడీ కావాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష)లో ఒకసారి అర్హత సాధిస్తే 2021 నుంచి అది జీవితకాలం చెల్లుతుంది, డీఎస్సీ ఎంపికలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. కానీ బీఈడీ లేకపోతే ఉన్నత పాఠశాల పోస్టులకు ఆ టెట్ ఎందుకూ కొరగాదు. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (శిక్షణ పొందిన పట్టభద్ర ఉపాధ్యాయ) పోస్టుకూ బీఈడీ తప్పనిసరే.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపింది ఇంటర్న్‌షిప్ గురించిన వాక్యం. మా పాఠశాలకు ప్రతి ఏటా బీఈడీ విద్యార్థులు వస్తారు. రికార్డు మీద సంతకం కోసం వచ్చేవారెవరో, పిల్లల కోసం వచ్చేవారెవరో రెండో వారానికే తెలిసిపోతుంది. మీరు రెండో రకం అనుకుంటున్నాను. బోధన మీద విరక్తి పుట్టి మానేస్తానంటే నేను ఒక్క మాట కూడా అనను, కాని ఇక్కడ ఆగింది ఒక మైగ్రేషన్ కాగితం దగ్గర.

ఎంవీపీ_ట్యూషన్స్

పై ఇద్దరి మాటలూ గౌరవంతోనే చదివాను, అయినా కొంత విభేదిస్తున్నాను. నేను బీఈడీ మధ్యలో వదిలేశాను. ఎంవీపీ కాలనీలో ఇంటర్, పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. నన్ను బీఈడీ ఉందా అని ఇంతవరకు ఏ తల్లిదండ్రులూ అడగలేదు. కోచింగ్ సంస్థల్లో దాని ప్రసక్తే రాదు. ప్రైవేటు పాఠశాలల్లో బీఈడీ ఉన్నవారికిచ్చే జీతం ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. చదువు ఆపడం ఓడిపోవడమేనన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. ఒక సంస్థ రెండేళ్ళపాటు ఒక మనిషి కాలాన్ని పట్టించుకోకపోతే, ఆ మనిషి తన కాలాన్ని వెనక్కి తీసుకోవడం న్యాయమే.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. సమాచార హక్కు దరఖాస్తు, అంబుడ్స్‌పర్సన్ అన్నీ రాసుకోవడానికి బాగుంటాయి. కానీ బీఈడీలో ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్ మార్కులు, రికార్డుల మీద సంతకాలు అన్నీ కళాశాల చేతిలో ఉంటాయి. ఫిర్యాదు చేసిన విద్యార్థిని ఫెయిల్ చేయనక్కర్లేదు, మార్కులు కాస్త తగ్గించి వేస్తే చాలు. ఈ భయం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అయితే ట్యూషన్లతో ఏడాదంతా ఒకే ఆదాయం రాదు, ఏప్రిల్, మే నెలల్లో దాదాపు ఉండదు. పిల్లలు చేరేది మీ మాట నలుగురికీ చేరాకే, దానికి ఒకటి రెండు సంవత్సరాలు పడుతుంది. బ్యాంకు పరీక్షలకు చదువుతూ సాయంత్రాలు ట్యూషన్లు చెప్పడం అనుకున్నంత తేలిక కాదు, సరిగ్గా చదవవలసిన వేళల్లోనే పిల్లలు వస్తారు. ఫీజు విషయంలో ఒక జాగ్రత్త: యూజీసీ 2018 అక్టోబరు ప్రకటన ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలే తప్ప కళాశాల దగ్గర ఉంచుకోకూడదు, ఒక సెమిస్టర్‌కు లేదా సంవత్సరానికి మించి ఫీజు ముందుగా తీసుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీ దాటిన 30 రోజుల తరువాత మానేస్తే మాత్రం కట్టినది ఏమీ వెనక్కి రాదు. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. రీయింబర్స్‌మెంటు బకాయి ప్రభుత్వానికి, కళాశాలకు మధ్య లెక్క అని వాదించవచ్చు కాని, టీసీ అడిగిన రోజున ఆ లెక్కను మీ ముందు పెడతారు. మానేసే ఉత్తరం ఇచ్చే ముందే ఒరిజినల్స్ చేతికి తెచ్చుకోండి.

విశ్రాంత_సెక్షన్

ఎంవీపీ వారు చెప్పిన భయం నిజమైనదే. అందుకే మొదటి దరఖాస్తు విశ్వవిద్యాలయానికి పెట్టండి, కళాశాలకు కాదు. అందులో కళాశాల మీద ఆరోపణ ఒక్కటీ రాయకండి, తేదీలు మాత్రమే అడగండి. కళాశాల జాబితా మొత్తం ఏ తేదీన అందింది, దాని ర్యాటిఫికేషన్ ఏ దశలో ఉంది అన్నవి మీ నాన్నగారైనా తన పేరున అడగవచ్చు. మీ వ్యక్తిగత నోట్ ఫైలును మాత్రం మరొకరు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే వీలుంది కాబట్టి దాన్ని మీరే అడగాలి.

పరీక్ష దగ్గరపడి హాల్‌టికెట్ నిజంగానే ఆపితే హైకోర్టులో రిట్ వేయడం చివరి మార్గం. దానికి డబ్బు లేదని వెనకాడకండి. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. విశాఖ జిల్లా న్యాయస్థానాల ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే, హైకోర్టు వద్ద ఉన్న కమిటీకి ఎలా వెళ్ళాలో వారే చెబుతారు.

వాల్తేరు_గణితం

అందరికీ కృతజ్ఞతలు. పెద్దవారు చెప్పినట్టు ముందు డిస్పాచ్ రిజిస్టరు చూపించమని మా కళాశాల కార్యాలయంలో మర్యాదగానే అడిగాను. నా మైగ్రేషన్ పంపినట్టు చెప్పిన నెలలో ఆ నమోదు లేదు. అంతకు ముందు పంపిన ఎలిజిబిలిటీ రుసుము చలానా మాత్రమే ఉంది. వెతికి చెబుతామన్నారు, వెతకడానికి గడువు ఏదీ చెప్పలేదు. తోటి విద్యార్థుల ఫలితాలు వచ్చాయి, కాబట్టి కళాశాల బాకీ సమస్య కాదనుకుంటున్నాను.

మానేసే ఉత్తరం ప్రస్తుతానికి ఇవ్వడం లేదు. నకలు మైగ్రేషన్ వచ్చేదాకా ఇంటర్న్‌షిప్‌కు వెళుతూ ఉంటాను, విశ్వవిద్యాలయానికి నాన్నగారు వెళతారు. మూడో సెమిస్టర్ పరీక్ష రుసుము చివరి తేదీ నాటికి కూడా ఏమీ తేలకపోతే అప్పుడు ఆగిపోవాలని ఇంట్లో అనుకున్నాం. ఎంవీపీ గారి మాట కూడా మనసులో ఉంది కనుకే ఈ గడువు పెట్టుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. ఒడిశా విశ్వవిద్యాలయం నకలు ఇవ్వడానికి, కాగితం పోయినట్టు పోలీసు ధ్రువీకరణ కావాలంటోంది. పోగొట్టింది నేను కానప్పుడు నేను గోపాలపట్నం స్టేషన్‌లో ఏమని రాసివ్వాలి?

విశ్రాంత_సెక్షన్

ఉన్నది ఉన్నట్టు రాయండి. 'ఫలానా తేదీన ఫలానా కళాశాలకు అందజేసిన మైగ్రేషన్ సర్టిఫికెట్ ప్రస్తుతం లభ్యం కావడం లేదు' అని మాత్రమే ఉండాలి. మీరే పోగొట్టుకున్నట్టు ఎక్కడా రాయవద్దు, ఎవరో కాజేశారనీ రాయవద్దు. మీరు దాన్ని కళాశాలకు ఇచ్చినప్పుడు రసీదు తీసుకుని ఉంటే దాని నకలు జతచేయండి. రసీదు లేకపోతే సర్టిఫికెట్ అందినట్టు ప్రిన్సిపాల్ నుంచి ఒక వాక్యం ఉత్తరం అడగండి. ఆ ఉత్తరం ఇవ్వడానికి వారు వెనకాడితే, అడిగిన తేదీతో మీ వినతిపత్రం ప్రతిని దాచుకోండి, విశ్వవిద్యాలయంలో పెట్టే దరఖాస్తుకు అది పనికివస్తుంది. పోలీసు ధ్రువీకరణ, నోటరీ అఫిడవిట్ రెండింటిలోనూ పేరును డిగ్రీ మెమోలో ఉన్న వరుసలోనే రాయించండి. పక్కన ఇంటర్ మెమోలోని వరుసను కూడా చేర్పించండి, లేకపోతే ఆ నకలు మీదే మళ్ళీ అభ్యంతరం పెడతారు.